చేపకంటి చూపు

మన కవులకు చేప మీద ఎంతో మక్కువ. అందమైన కన్నులు కనబడినప్పుడల్లా వారికి చేపలే స్ఫురించాయి. మీనాక్షి, మీనలోచన, మీననేత్ర వంటి పదాలు మన కావ్యాలలో కోకొల్లలు. మధురలో కొలువైన అమ్మవారి పేరే మీనాక్షి. పక్షి స్పర్శతోనూ, తాబేలు తలపుతోనూ, చేప చూపుతోనూ తమ సంతానాన్ని పెంచుకొంటాయని మన పెద్దలు చెప్పేవారు. గురువు శిష్యుణ్ణి అనుగ్రహించే తీరులను వివరించడానికి ఈ మూడు ప్రాణులనూ ఉపమానాలుగా గ్రహించారు. అయితే ఇవన్నీ చేపకన్నును బయటి నుంచి చూసినవారి ఊహలు. ఆ కంటి వెనుక నిలిచి చూస్తే లోకం ఎలా ఉంటుందన్న ప్రశ్న మాత్రం కవికి కాక, భౌతికశాస్త్రం బోధించే ఒక ఆచార్యునికి కలిగింది.

ఆయన పేరు రాబర్ట్ విలియమ్స్ వుడ్. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. నీటిలో ఉన్న చేపకు పైలోకం ఎలా కనబడుతుందో తెలుసుకోవాలన్న కుతూహలంతో ఆయన నీరు నింపిన పాత్రలో ఛాయాచిత్ర ఫలకాన్ని అమర్చి, సూదిబెజ్జం గుండా వెలుగును లోనికి రానిచ్చి చిత్రాలు తీశాడు. 1906లో ఆ ప్రయోగాన్ని వివరిస్తూ రాసిన వ్యాసంలో అటువంటి దృశ్యాలను చేపకంటి దృశ్యాలని పిలిచాడు. నేడు ఛాయాచిత్రకారులు 'ఫిష్ ఐ' అని పిలిచే చేపకన్ను కటకానికి పేరు వచ్చింది అక్కడి నుంచే.

వెలుగు గాలిలో నుంచి నీటిలోకి ప్రవేశించేటప్పుడు వంగుతుందని మీరు పాఠశాలలోనే చదువుకొన్నారు. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. ఆ లెక్క ప్రకారం నీటి ఉపరితలాన్ని ఒరుసుకొంటూ వచ్చే కిరణం సైతం నీటిలోకి దిగగానే లంబరేఖకు సుమారు 48.6 డిగ్రీల కోణంలోకి వంగిపోతుంది. అందుచేత నిశ్చలమైన కొలనులో మునిగి తలెత్తి చూసే ప్రాణికి 180 డిగ్రీల ఆకాశమంతా సుమారు 97 డిగ్రీల శంకువులో ఇమిడిపోయి, నెత్తిన ఒక గుండ్రని కిటికీలాగా కనబడుతుంది. గట్టు మీది చెట్లూ, రేవు మెట్ల మీది మనుషులూ ఆ కిటికీ అంచు చుట్టూ వలయంగా చేరతారు. చేపకు దిక్కులు నాలుగు కావు. దిక్కులన్నీ కలిసిన ఒక చుట్టు మాత్రమే ఉంటుంది.

వుడ్ కుతూహలం కొద్దీ ఆరంభించిన ఈ పని, తరువాతి వారి చేతిలో ప్రయోజనకరమైన సాధనంగా మారింది. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకు 'హిల్ చర్య' పరిచయమే. వేరుచేసిన హరితరేణువులు వెలుగులో ఆక్సిజన్‌ను విడుదల చేయగలవని 1937లో ప్రకటించిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త రాబర్ట్ హిల్, అంతకు పూర్వమే ఆకాశమంతటినీ ఒకే చిత్రంలో బంధించే కటకాన్ని రూపొందించాడు. దానిని గురించి ఆయన రాసిన వ్యాసం 1924లో వెలువడింది. మేఘాలు ఏ దిక్కున ఎంతమేర కమ్ముకొన్నాయో తెలుసుకోవడానికి ఆ కటకం ఉద్దేశించబడింది. ఆ తరువాత అడవులను అధ్యయనం చేసేవారు చేపకన్నును చెట్ల కింద నేలపై వెల్లకిలా ఉంచి, ఆకుల సందుల నుంచి ఎంత వెలుగు నేలకు చేరుతున్నదో లెక్కకట్టసాగారు. 1962లో జపానుకు చెందిన నికాన్ సంస్థ 35 మిల్లీమీటర్ల కెమెరాలకు తగిలించుకొనే 8 మిల్లీమీటర్ల చేపకన్ను కటకాన్ని తయారుచేసిన తరువాత, శాస్త్రవేత్తల సాధనం క్రమంగా కళాకారుల చేతికి వచ్చింది.

ఈ కటకం విశిష్టతను గ్రహించాలంటే గణితాన్ని కొద్దిగా ఆశ్రయించాలి. సాధారణ కటకం లోకంలోని సరళరేఖను చిత్రంలోనూ సరళరేఖగానే చూపుతుంది. అందుకు అది ఒక నియమాన్ని పాటిస్తుంది. చిత్రం నడిమి నుంచి ఒక బిందువు ఎంత దూరంలో పడాలన్నది, ఆ బిందువు కటకానికి ఎంత కోణంలో ఉన్నదో ఆ కోణపు టాంజెంటును బట్టి ఉంటుంది. 45 డిగ్రీల టాంజెంటు 1. 60 డిగ్రీలకు అది సుమారు 1.73. 80 డిగ్రీలకు 5.67. 90 డిగ్రీలకు అనంతం. అనగా మన కుడిభుజానికి సరిగ్గా పక్కన ఉన్న వస్తువును సాధారణ కటకం చూపాలంటే అనంతమైన వెడల్పు గల చిత్రం కావాలి. చేపకన్ను ఈ నియమాన్ని విడిచిపెడుతుంది. దూరాన్ని టాంజెంటుతో కాక ఇంచుమించు కోణంతోనే ముడిపెడుతుంది. కాబట్టి 180 డిగ్రీల లోకం అరచేయంత కాగితంలో ఒదుగుతుంది. అందుకు అది చెల్లించే మూల్యం సరళరేఖ. చిత్రం నడిమి గుండా సాగే గీతలు మాత్రమే తిన్నగా నిలుస్తాయి. తక్కినవన్నీ విల్లులాగా వెలుపలికి వంగుతాయి. ఈ ఒక్క సూత్రాన్ని మనసులో ఉంచుకొంటే చేపకన్నును వాడడంలోని మెలకువలన్నీ వాటంతట అవే బోధపడతాయి.

నేను వృత్తిరీత్యా తెలుగు బోధించేవాణ్ణి. ప్రాచీన సాహిత్యం నా అభిమాన విషయం. శిలాశాసనాలను, దేవాలయ శిల్పాలను ఛాయాచిత్రాలుగా సేకరించడం అలవాటు కావడం వల్ల కెమెరాతో కొంత స్నేహం ఏర్పడింది. నా వద్ద చదువుకొని ఛాయాచిత్రకారుడిగా స్థిరపడిన ఒక పూర్వ విద్యార్థి ద్వారా చేపకన్ను కటకం నా చేతికి వచ్చింది. దాని గుండా మొదటిసారి చూసినప్పుడు నాకు అలంకారశాస్త్రం గుర్తుకు వచ్చింది. ఉన్నది ఉన్నట్లుగా మనోహరంగా చెప్పడం స్వభావోక్తి. ఉన్నదానిని హద్దు దాటించి చెప్పడం అతిశయోక్తి. సాధారణ కటకం స్వభావోక్తి అయితే చేపకన్ను అతిశయోక్తి. అతిశయోక్తి దోషం కాదు, అలంకారమే. అయితే ప్రతి పద్యంలోనూ అతిశయోక్తిని గుప్పించే కవిని ఎవరూ రెండవసారి చదవరు.

11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని ప్రతిపాదించాడు. మెడలో ఉండవలసిన హారాన్ని నడుముకు చుట్టుకొంటే నవ్వులపాలు కాక తప్పదని ఆయన హెచ్చరించాడు. చేపకన్ను చేతికి వచ్చిన కొత్తలో చాలామంది చేసే పని అదే. పెండ్లిపీటల మీది వధూవరులను, చంటిబిడ్డ ముఖాన్ని, పొలం గట్టును, రైలుబండిని దేనినైనా సరే గుండ్రంగా వంచి చూసి మురిసిపోతారు. పది చిత్రాల తరువాత ఆ మురిపెం తీరిపోతుంది. కటకం పెట్టెలో చేరి బూజు పడుతుంది. వంకర మీది మోజు తీరిన తరువాతనే దానితో నిజమైన పని మొదలవుతుంది.

ఆ పనిలో మొదటి మెలకువ దగ్గరికి వెళ్ళడం. అన్నింటినీ చూడగల కటకం కదా అని దూరంగా నిలబడితే అన్నీ చిన్నవైపోతాయి. కొండ పుట్టలాగా, మర్రిచెట్టు మల్లెపొదలాగా కనబడతాయి. ఏది ముఖ్యమో దానికి మూరెడు దూరంలోకి, ఒక్కొక్కప్పుడు జానెడు దూరంలోకి చేరాలి. అప్పుడు ఆ వస్తువు చిత్రంలో ప్రధానమై నిలుస్తుంది. తక్కిన లోకమంతా దాని చుట్టూ పరివారంలాగా అమరుతుంది. ఈ కటకంతో చిత్రం తీసేవానికి కంటికంటె కాళ్ళకే ఎక్కువ పని.

రెండవది దిగంతరేఖను గమనించడం. నేల, ఆకాశం కలిసే గీత సరిగ్గా చిత్రం నడిమి నుంచి సాగితే అది తిన్నగా ఉంటుంది. కెమెరాను కిందికి వంచితే గీత పైకి జరిగి గోపురంలాగా ఉబ్బుతుంది. కెమెరాను పైకెత్తితే గీత కిందికి దిగి గిన్నెలాగా లోతుపడుతుంది. సముద్రతీరంలో ఈ మూడింటినీ వరుసగా ప్రయత్నించి చూస్తే, బెత్తెడు కదలికతో లోకం ఎన్ని ఆకృతులు ధరిస్తుందో తెలుస్తుంది. తీసేవాడు కోరి వంచిన గీతకూ, తెలియక వంగిన గీతకూ ఉన్న భేదం చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

మూడవది వెలుగు. 180 డిగ్రీల చూపులో సూర్యుడు తరచు ఎక్కడో ఒకచోట ఉంటాడు. ఆయన కిరణాలు నేరుగా కటకం మీద పడితే చిత్రమంతా వెలుగు మరకలు ఏర్పడతాయి. ఒక స్తంభాన్నో, కొమ్మనో సూర్యునికి అడ్డుగా తెచ్చుకోవాలి. లేదా ఉదయసంధ్యలోనో, సాయంసంధ్యలోనో పని ముగించుకోవాలి. ఆకాశపు తెలుపు, మండపపు చీకటి ఒకే చిత్రంలోకి వస్తాయి కాబట్టి రెండింటికీ నడుమ సయోధ్య కుదిరే వేళను ఎంచుకోవాలి. తీసేవాని నీడ, పాదాలు, కెమెరాను నిలబెట్టిన ముక్కాలి పీట, కటకాన్ని పట్టుకొన్న వేలికొసలు కూడ చిత్రంలోకి చొరబడతాయి. బుడగలాగా ముందుకు ఉబికిన దాని గాజు ముఖానికి పైన ఏ రక్షణా ఉండదు. గీత పడితే పోదు. చిత్రం తీయగానే మూత పెట్టడం మంచిది.

నాలుగవది వస్తువును ఎంచుకోవడం. స్వభావసిద్ధంగా వలయాకారం గలవాటిని, ఒక కేంద్రం నుంచి నలుదిక్కులకు వ్యాపించేవాటిని చేపకన్ను మహా గొప్పగా చూపుతుంది. గుమ్మటాలు, దిగుడుబావులు, రావిచెట్టు కొమ్మలు, కోలాటం ఆడేవారి వలయం అటువంటివి. లోపల నిలబడి చూడవలసిన చోట్లు మరీ అనుకూలం. వెనక్కి జరగడానికి గోడ అడ్డువచ్చే ఇరుకు గదిలో ఆ గది మొత్తాన్ని చూపగలిగేది ఇదే.

ఈ చివరి మాట నాకు లేపాక్షిలో అనుభవానికి వచ్చింది. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఆ వీరభద్రాలయం 16వ శతాబ్దిలో, విజయనగర ప్రభువుల కాలంలో రూపుదిద్దుకొన్నది. అక్కడి మండపాల కప్పుల మీది చిత్రాలను చూడడానికి మెడలు నొప్పిపుట్టేలా తలలెత్తి తిరుగుతాము. ఒక చిత్రాన్ని చూస్తే పక్కదానిని మరచిపోతాము. స్తంభాల మీది నర్తకులను, వాద్యకారులను చూస్తే కప్పును మరచిపోతాము. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాలలో ముక్కాలి పీట వాడడానికి ప్రత్యేకమైన అనుమతి కావాలి. కాబట్టి కెమెరాను నాట్యమండపపు రాతినేల మీదనే వెల్లకిలా ఉంచి, దానికి దూరంగా జరిగి చిత్రం తీశాము. చూస్తే, నిట్టనిలువుగా నిలిచిన స్తంభాలు ఒక్కటీ వంగలేదు. కెమెరా సరిగ్గా పైకి చూస్తున్నప్పుడు నిలువుగీతలన్నీ చిత్రం నడిమి వైపునకే సాగుతాయి. నడిమి గుండా సాగే గీతలకు వంకర లేదు. స్తంభాలన్నీ బండిచక్రపు ఆకులలాగా కేంద్రం నుంచి అంచుకు తిన్నగా విచ్చుకొన్నాయి. కప్పు, స్తంభాలు, వాటి నడుమ నీడలు కలిసి ఆ మండపం ఒకే ఊహగా పుట్టిందన్న సత్యం ఆ చిత్రంలో కనబడింది.

అయితే కప్పు మీది ఒక్కొక్క చిత్రాన్ని నమోదు చేయడానికి చేపకన్ను పనికిరాదు. వస్త్రాల మీది అల్లికలు, ముఖాల పక్కచూపులు, రంగుల పొందిక తెలియాలంటే సాధారణ కటకాన్నే ఆశ్రయించాలి. ఏది దేనితో కలిసి ఉన్నదో చేపకన్ను చెబుతుంది. ఏది ఎలా ఉన్నదో సాధారణ కటకం చెబుతుంది. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యం ఇదే.

లేపాక్షి కప్పు మీద ద్రౌపదీ స్వయంవర ఘట్టం చిత్రించబడి ఉన్నది. పైన తిరిగే మత్స్యయంత్రాన్ని కింద నీటిలోని నీడలో చూసి బాణం సంధించిన అర్జునుని కథ మీకు తెలిసినదే. ఆ చిత్రం కింద, చేపకన్నును పట్టుకొని నిలబడినప్పుడు నాకు ఒక చమత్కారం తోచింది. అర్జునుని చూపు ఒక్క లక్ష్యాన్ని తప్ప మరి దేనినీ చూడదు. చేపకన్ను ఏ ఒక్కదానినీ విడిచిపెట్టదు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలని పైకి అనిపిస్తుంది. కాని చేపకన్నుతో చిత్రం తీసేవానికి అర్జునుని గురి మరింత అవసరం. అన్నీ కనబడే చోట ఏది ప్రధానమో నిర్ణయించుకోకపోతే చిత్రం సంతలాగా ఉంటుంది. కటకం అన్నింటినీ చూస్తుంది. నడుమ ఏది నిలవాలో చెప్పవలసినది మనమే.

నడుమ నిలిపేదాని గురించి ఆలోచించినప్పుడు అంచున నిలిచేదాని గురించి కూడ ఆలోచించక తప్పదు. ఈ కటకంలో అంచున ఉన్నది వంగుతుంది. స్తంభమైనా, గోడ అయినా వంగితే చూడముచ్చటగానే ఉండవచ్చు. మనిషి వంగితే ఏమిటన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం 2016 వేసవిలో కోనసీమలోని మా పెద్దమ్మగారి ఇంట లభించింది.

అది మండువా లోగిలి. నాలుగు వైపుల వసారాలు, వాటి మీద లోపలికి వాలిన పెంకుల కప్పు, నడుమ ఆకాశానికి తెరచిన చదరపు ముంగిలి. వాన వస్తే నాలుగు చూరుల నుంచి నీళ్ళు ముంగిలిలోనే పడేవి. మా చిన్నతనంలో ఆ ధారల కింద ఇత్తడి గంగాళాలు పెట్టి నీళ్ళు పట్టేవారు. కాలక్రమంలో వాసాలు పుచ్చిపోయాయి. వారసులు తలొక ఊరిలో స్థిరపడ్డారు. స్థలాన్ని పంచుకొని ఇంటిని తీసివేయడానికి నిశ్చయమైంది. కూల్చే ముందు అందరూ ఒకసారి కలుసుకోవాలని పెద్దమ్మ కోరింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. ఇంటితో పాటు అందరూ ఉన్న చిత్రం ఒకటి కావాలన్నది ఆమె రెండవ కోరిక.

నాతో వచ్చిన పూర్వ విద్యార్థి ముంగిలిని కొలిచి చూశాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెనక్కి జరిగినా సాధారణ కటకంలో సగం మందే పట్టారు. ఇల్లు అసలే కనబడలేదు. చేపకన్నును తగిలించాడు. ఇల్లూ, మనుషులూ అందరూ వచ్చారు. వరుసలు మామూలుగానే ఏర్పడ్డాయి. నడుమ కుర్చీలో పెద్దమ్మ, ఆమెకు ఇరువైపులా కొడుకులు, అల్లుళ్ళు, వెనుక కోడళ్ళు, ముందు పిల్లలు. ఒక కొసన చిన్ననాడే భర్తను పోగొట్టుకొని ఆ ఇంటనే ఉండిపోయిన మా పిన్ని. రెండవ కొసన, స్తంభం చాటున, నలభై ఏళ్ళు ఆ ఇంట వంట చేసిన ఆమె. ఎవరూ వారిని అక్కడ నిలబడమని చెప్పలేదు. వారికి అదే చోటని అందరికీ తెలుసు, వారికీ తెలుసు.

విద్యార్థి కెమెరాలో చూసి తలెత్తి, మెల్లగా అన్నాడు: "మాస్టారూ, చివర ఉన్నవాళ్ళు వంగిపోతున్నారండీ. ముఖాలు బాగా రావు."

"అయితే చివరివాళ్ళను కాస్త పక్కకు జరగమంటే సరి. వాళ్ళను విడిగా ఇంకొకటి తీద్దాం" అన్నాడు మా బంధువు ఒకడు. ఆ మాట పూర్తికాకమునుపే వంటామె వసారాలోకి తప్పుకొన్నది. "నేనెందుకండీ ఫొటోలో, మీరు తీసుకోండి" అన్నది.

పెద్దమ్మకు చెవులు చురుకు. "నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఏనాడైనా పొయ్యి వెలిగిందా? ఇటు రా" అని పిలిచింది. తరువాత విద్యార్థి వైపు తిరిగి, "నాయనా, ఆ పెట్టెకు చివర్లు లేకుండా చెయ్యలేవా?" అని అడిగింది.

ఆమె కెమెరాను ఎన్నడూ చేతపట్టి ఎరుగదు. కటకం సంగతి ఆమెకు తెలియదు. అయినా అడగవలసిన ప్రశ్నను సూటిగా అడిగింది. విద్యార్థి ఒక నిమిషం ఆలోచించి నా వైపు చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే లేపాక్షి స్తంభాలు గుర్తుకు వచ్చాయి.

వృత్తాకారపు చిత్రాన్ని ఇచ్చే 8 మిల్లీమీటర్ల కటకం అతని సంచిలో ఉన్నది. దానిని తగిలించి, కెమెరాను ముంగిలి నడుమ నేల మీద ఒక పీట వేసి, దానిపైన వెల్లకిలా ఉంచాడు. మరునాటి ఉదయం, ఎండ ముంగిలిలోకి దిగకముందే, అందరినీ దాని చుట్టూ వలయంగా నిలబడమన్నాడు. మేము 23 మందిమి. వలయంలో వరుసలు లేవు కాబట్టి ఎవరు ఎవరి పక్కన నిలబడాలన్న మీమాంస కూడ లేదు. పెద్దమ్మ మాత్రం కుర్చీలో కూర్చొన్నది. ఆమె ఒక చేత్తో పిన్ని చేతిని, రెండవ చేత్తో వంటామె చేతిని పట్టుకొన్నది. పది సెకండ్ల వ్యవధి తరువాత తనంతట తానే చిత్రం తీసేటట్లు కెమెరాను అమర్చి, విద్యార్థి కూడ పరుగున వచ్చి వలయంలో నిలిచాడు. అందరం తలలు కొద్దిగా వంచి పీట వైపు చూశాము.

ఆ చిత్రాన్ని మాటలలో వర్ణించడానికి ప్రయత్నిస్తాను. సరిగ్గా నడుమ, భుజాలు కొద్దిగా ఉబ్బిన ఆకాశపు చదరం. దాని చుట్టూ పెంకుల చూరు. చూరు కింద 24 ముఖాలు, ముఖాల నుంచి అంచు వైపునకు దిగే దేహాలు, వృత్తపు చివరి గీత పొడవునా కాళ్ళు. నిటారుగా నిలబడ్డవారు ఎవరూ వంగలేదు. స్తంభాలకు వర్తించిన సూత్రమే మనుషులకూ వర్తించింది. అందరూ కేంద్రానికి సమదూరంలో ఉన్నారు. కేంద్రంలో మాత్రం మనిషి ఎవరూ లేరు. ఆ ఇంటి ఆకాశం ఉన్నది.

తరువాతి మాసంలో ఇంటిని విప్పివేశారు. టేకు స్తంభాలను ఎవరో కొనుక్కొని వెళ్ళారు. చిత్రానికి ప్రతులు తీయించి, చదరపు చట్రాలలో కట్టించి అందరికీ పంచాము. ఆ పంపకంలో ఒక విశేషం బయటపడింది. ఈ చిత్రానికి పైన, కింద అన్న భేదం లేదు. ఎవరిని కింది వైపునకు తిప్పితే వారు నిటారుగా నిలబడినట్లు కనబడతారు. అందుచేత ఏ ఇంట చూసినా ఆ ఇంటివారు నిలబడిన వైపు కిందికి వచ్చేటట్లు గోడకు తగిలించుకొన్నారు. వంటామె ప్రతిని నేనే తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆమె మనవడు చట్రాన్ని చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, నాయనమ్మ నిటారుగా నిలిచే వైపును గుర్తించి మేకు కొట్టాడు. ఆమె చాలాసేపు చూసి, "ఇందులో అందరూ నా చుట్టూనే ఉన్నారండీ" అన్నది. ఆ మాట నిజం. ఆ చిత్రంలో ఎవరు చూసినా అందరూ తమ చుట్టూనే ఉంటారు.

నేడు ఖరీదైన కటకం కొనకుండానే ఇటువంటి చూపు మీ చేతికి వచ్చింది. చాలా సెల్‌ఫోన్లలో విశాలమైన దృశ్యాన్ని పట్టే కటకం ఉంటున్నది. అది సాధారణంగా చేపకన్ను కాదు. గీతలను తిన్నగా చూపాలన్న పట్టుదలతో అంచున ఉన్న ముఖాలను సాగదీస్తుంది. వంచినా, సాగదీసినా నష్టం అంచున ఉన్నవారికే. కళాశాలలో వీడ్కోలు సభ నాడు మీరంతా కలిసి చిత్రం తీసుకొంటారు. మధ్యకు తోసుకువచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. కొసన నిలబడేవారు కూడ చాలాసార్లు ఆ కొందరే అయి ఉంటారు. మీట నొక్కేముందు ఒక్కసారి కొసల వైపు చూడండి. వారిని నడుమకు పిలవవచ్చు. అందరూ వంపుగా అర్ధచంద్రాకారంలో నిలబడవచ్చు. వీలైతే ఫోనును నేల మీద ఉంచి దాని చుట్టూ చేరవచ్చు.

చేప తన పిల్లలను చూపుతో పెంచుతుందని మన పెద్దలు అన్న మాటకు శాస్త్రప్రమాణం లేకపోవచ్చు. కాని చూసే తీరు చేతనే మనుషులు ఎదగడమూ, కుంగడమూ జరుగుతుందని నా ఉపాధ్యాయ జీవితం నాకు నేర్పింది. తరగతి గదిలో మొదటి బల్లవారినే చూసే ఉపాధ్యాయునికి చివరి బల్ల ఎప్పుడూ వంకరగానే కనబడుతుంది. అన్ని దిక్కులనూ ఒకేసారి చూడగలగడం గాజు నేర్చిన విద్య. ఎక్కడ నిలబడి చూస్తే ఎవరూ వంగకుండా ఉంటారో వెదకి అక్కడ నిలబడడం మనిషి నేర్వవలసిన విద్య.